నోరున్నదాని బండి

ట్రిఫీనా స్టక్‌లెస్ రోజూ పొద్దున్నే ఆరింటికి లేచి, పొయ్యి మీద కెటిల్ పెట్టి, డబ్బాపాలు పోసి టీ కలుపుకుని రేడియో ముందు కూర్చుంటుంది. ఆరున్నరకి అమ్మకాల కార్యక్రమం వస్తుంది. ఎవరికి ఏది అక్కర్లేదో, ఎవరికి ఏది కావాలో జనం ఫోను చేసి చెప్పుకుంటారు. ఒకాయన దగ్గర కలప కోసే రంపం, ఒకావిడ దగ్గర పిల్లల మంచం, ఇంకొకాయన దగ్గర ఆరు కోళ్ళూ, ఆ కోళ్ళకే భయపడే ఒక పుంజూ. మొగుడు హెడ్లీ బతికున్నప్పటినుంచీ ఆమె ఇది వింటూనే ఉంది. కొనడానికి కాదు, ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి. మంచం అమ్ముతున్నారంటే పిల్లలు పెద్దయ్యారన్నమాట. పడవ అమ్ముతున్నారంటే మోకాళ్ళు పోయాయన్నమాట.

ఈ ఏడు ఏప్రిల్లో మాత్రం పెన్సిలూ కాగితమూ పట్టుకుని విన్నది. అరవై ఒకటో ఏట, జీవితంలో మొట్టమొదటిసారి, ఆమె ఒక క్యాంపర్ కొనాలని తీర్మానించుకుంది. లోపల మంచమూ, బల్లా, చిన్న పొయ్యీ ఉండి, బండి వెనక తగిలించుకుని లాక్కుపోయే చక్రాల ఇల్లు. కొత్తదాని ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి కాబట్టి పాతదే. పడవ పోగా మిగిలిన హెడ్లీ ఇంజను అమ్మితే వచ్చినదీ, కిందటేడు చిత్తడి నేలల్లో నడుం విరిగేలా కోసిన పళ్ళ మీద వచ్చినదీ కలిపితే తొమ్మిది వందల డాలర్లు ఉన్నాయి. అంతకు మించి చిల్లిగవ్వ లేదు.

ఇదంతా గార్లాండ్ వల్ల వచ్చింది. గార్లాండ్ హెడ్లీకి అన్న. స్కిల్లెట్ కోవ్‌లో అందరూ స్కిప్పర్ అంటారు. పెద్దమనిషి అని కొంత, ఎదురు చెబితే ఊరుకోడని ఎక్కువ.

స్కిల్లెట్ కోవ్ న్యూఫౌండ్‌లాండ్ దక్షిణ తీరంలో నూట నలభై ఇళ్ళ ఊరు. ఊరికి మైలు దూరంలో, ఒక గుట్ట దాటాక, కంకర గుంట ఉంది. రోడ్డు వేసిన రోజుల్లో కంకర తవ్వుకుని వదిలేసిన చోటు. పక్కనే చెరువు. మే నెలాఖరు సెలవులకి ఊరు ఊరంతా క్యాంపర్లు లాక్కుని అక్కడ దిగుతుంది. మంచు రాలుతున్నా, చలికి పళ్ళు టకటకలాడుతున్నా, ఆ మూడు రోజులూ గుంటలో ఉండనివాళ్ళని మా ఊళ్ళో మనుషుల్లో జమకట్టరు. ఆ చోట్లకి కాగితాలూ పట్టాలూ ఏమీ లేవు. శనివారం పొద్దున ఎవరి బండి ఎక్కడ నిలబడి ఉంటే వేసవంతా ఆ చోటు వాళ్ళది. గాలికి బండి చోటు తప్పిందా, చోటూ పోయినట్టే. గాలి దగ్గర అప్పీలు లేదు.

చెరువుని ఆనుకుని ఉన్న చోటు ముప్ఫై ఏళ్ళుగా హెడ్లీది, ట్రిఫీనాది. వాళ్ళకి క్యాంపర్ లేదు, కాన్వాసు గుడారమే. స్కిప్పర్ తమ్ముడని ఎవరూ ఏమీ అనలేదు. మొన్న నవంబరులో హెడ్లీ పోయాడు. ఏప్రిల్ మొదటి ఆదివారం గార్లాండ్ వచ్చి, వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అమ్మాయ్, ఈసారి నీ గుడారం తేకు. ఇకనుంచి గుంటలో చక్రాలున్న వాటికే చోటు. చెరువు పక్కన నా కొత్త బండి పెట్టి, ముందు చెక్క అరుగు కట్టించుకుంటాను."

అరవై ఒక్కేళ్ళ మనిషిని అమ్మాయ్ అంటాడు. అది మా తీరంలో మామూలే. ట్రిఫీనా ముప్ఫై ఆరేళ్ళుగా ఆ పిలుపుకి ఒకటే జవాబు చెబుతూ వచ్చింది, "సరే స్కిప్పర్" అని. ఆమె ఉంటున్న ఇల్లు అత్తగారిది. అత్తగారు పోయాక కాగితాలు గార్లాండ్ పేరు మీదకి వెళ్ళాయి. చేపల ఫ్యాక్టరీలో పని ఏడాదికి పద్నాలుగు వారాలే. ఈ భూమ్మీద తనది అనుకునే చోటు ఆ చెరువు పక్క నలభై అడుగుల కంకర ఒక్కటే. అక్కడ హెడ్లీ పేర్చిన పొయ్యిరాళ్ళున్నాయి. కెటిల్ వేలాడదీసే ఇనప కర్ర ఉంది.

"చక్రాలే కదా మీక్కావలసింది? తెస్తాను," అంది ట్రిఫీనా.

గార్లాండ్ కప్పు కింద పెట్టి ఆమెకేసి చూశాడు. తర్వాత నవ్వాడు. "తే అమ్మాయ్, తే. ఈ టీ ఏమిటి, ఎప్పట్లాగే కుడితిలా ఉంది," అని ఇంకో కప్పు పోయించుకున్నాడు.

క్యాంపర్ కొనేటప్పుడు మా తీరంలో చూసేవి కొన్నున్నాయి. మడమతో నేల నొక్కాలి, మెత్తగా ఉంటే చెక్క కుళ్ళినట్టు. బీరువా తెరిచి వాసన చూడాలి. టైర్ల పగుళ్ళు చూడాలి. అన్నిటికన్నా ముందు, లోపల కాపురం చేసినవాళ్ళు ఎలాంటి మాటలు మాట్లాడుకున్నారో అడగాలి. క్యాంపర్ చిన్నది, కప్పు తక్కువ ఎత్తు. లోపల అన్న మాట తేలిగ్గా బయటికి పోదు. మెత్తటి మాటలైతే కిటికీ సందుల్లోంచి ఆవిరైపోతాయి. పుల్లవిరుపు మాటలూ, దెప్పిపొడుపులూ కిందకి దిగి చెక్కలో ఇంకిపోతాయి, బండి బరువెక్కుతుంది. అందుకే కొత్త దంపతుల బండి ఖరీదు, తగువులమారి సంసారాల బండి చవక. లాగడానికి పెట్రోలు ఎంత కాలుతుందో ఎవరు భరిస్తారు?

ట్రిఫీనా మొదట చూసింది పక్క ఊళ్ళో కొత్తగా పెళ్ళైన జంటది. కొక్కెం పట్టుకుని ఒంటిచేత్తో ఎత్తితే ముందుభాగం గుడ్డుపెంకులా లేచింది. "మేం లోపల ఒకరినొకరు 'చిట్టీ', 'బంగారం' తప్ప ఏమీ అనుకోలేదు," అంది ఆ పిల్ల సిగ్గుపడుతూ. నాలుగు వేలన్నారు. ట్రిఫీనా వాళ్ళకి దణ్ణం పెట్టి వచ్చేసింది.

రెండోదానిలో మడమ నొక్కితే బూటుతో సహా కిందకి దిగబడింది. "అది గాలాడ్డానికి తల్లీ," అన్నాడు దాని ఆసామి. మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు.

మూడోది రేడియోలో విన్నది. రెండు గొంతులు ఒకే ఫోనులో మాట్లాడుతున్నాయి. "పదమూడడుగుల క్యాంపర్, గోధుమరంగు చార," అంది ఒకటి. "చార ఎరుపు," అంది రెండోది. "వెలిసిపోయింది కాబట్టి గోధుమే." "వెలిసినా ఎరుపు ఎరుపే." రేడియో ఆయన దగ్గి ఫోను కట్ చేశాడు. గొంతులు ట్రిఫీనాకి తెలిసినవే. ఊరి చివర, గుంటకి వెళ్ళే దారి మొదట్లో ఉండే హైన్స్ అక్కచెల్లెళ్ళు, ఎఫీ, ద్రుసిల్లా. ఇద్దరికీ డెబ్భై దాటాయి, ఇద్దరూ పెళ్ళిళ్ళు చేసుకోలేదు.

బండి వెనక పెరట్లో గడ్డిలో ఉంది. నేల గట్టిగా ఉంది. బీరువాలో ఎండు లవంగాల వాసన. బల్ల మడిస్తే మంచమైంది. తలుపు పక్క రేకు మీద కంపెనీ చెప్పిన బరువు పద్నాలుగు వందల పౌండ్లు అని ఉంది. హెడ్లీ చిన్న ట్రక్కు అది హాయిగా లాగుతుంది.

"లోపల పోట్లాడుకున్నారా?" అని అడిగింది ట్రిఫీనా.

"ఒక్కనాడూ లేదు. దేవుడి మీద ఒట్టు," అంది ఎఫీ.

"పంతొమ్మిది వేసవులు పేకాడుకున్నాం, అంతే," అంది ద్రుసిల్లా.

పేకాటలో మాటా మాటా అనుకోవడాన్ని మా తీరంలో ఎవరూ పోట్లాట అనరు. గురకని మాట అనరు చూడండి, అలాగ. కాబట్టి అక్కచెల్లెళ్ళు అబద్ధం ఆడలేదు, ట్రిఫీనా కూడా అనుమానపడలేదు. పొరపాటంతా అక్కడే జరిగింది.

బేరంలో ఆమె నోరు విప్పే అవసరమే రాలేదు. ఎఫీ వెయ్యి అంది. ఇంత పాతదానికి వెయ్యి అడగడానికి సిగ్గుండాలంది ద్రుసిల్లా. ఎంతైతే సిగ్గుపడక్కర్లేదో నువ్వే చెప్పమంది ఎఫీ. ట్రిఫీనా చేతులు కట్టుకుని నిలబడి ఉండగానే వాళ్ళలో వాళ్ళే వాదించుకుని ఏడు వందల దగ్గర తేలారు. డబ్బు చేతులు మారింది.

ట్రక్కు వెనక్కి పెట్టి, కొక్కెం తగిలించి, గేరు వేసింది. ట్రక్కు మూలిగింది. ముందు చక్రాలు నేల వదిలి లేచాయి. వెనక చక్రాలు గడ్డిని చీల్చి మట్టిలో పాతుకుపోయాయి. క్యాంపర్ వెంట్రుకవాసి కదల్లేదు.

"ఏం పేకాటండీ ఇది!" అంది ట్రిఫీనా కిందకి దిగి.

"తొంభై ఎనిమిది జులైలో ఇది ఆటీను ఐదుని, ఆటలో అన్నిటికన్నా పెద్ద ముక్కని, దాచింది," అంది ఎఫీ, చెల్లెలి మొహం చూడకుండా. "దాచలేదని ఇరవై ఆరేళ్ళుగా బొంకుతోంది."

"దాచలేదు," అంది ద్రుసిల్లా.

సాయంత్రానికి ఊరందరికీ తెలిసింది. గార్లాండ్ పనిగట్టుకుని చూడ్డానికి వచ్చాడు. అంత బరువు లాగే ట్రక్కు ఊళ్ళో అతని దగ్గర ఒక్కటే ఉంది. అది తెలిసే వచ్చాడు. బండి చుట్టూ తిరిగి, ఒక టైరుని తన్ని చూశాడు.

"నాలుగు వేల పౌండ్లకి తక్కువుండదు. ఇప్పుడేం చేస్తావు అమ్మాయ్? ఆడంగులంతా తాళ్ళు కట్టి లాగుతారా?"

అతను వేళాకోళానికి అన్నాడు. మర్నాడు ఫ్యాక్టరీలో చేపల బల్ల దగ్గర ట్రిఫీనా ఆ మాట చెబితే ఎవరికీ నవ్వు రాలేదు. మ్యూరియల్ కత్తి కింద పెట్టి చేతులు తుడుచుకుంది. మ్యూరియల్ ఆరడుగుల మనిషి, చర్చిలో ఆమె పాడితే అద్దాలు అదురుతాయి.

"ప్రభుత్వం దీవి ఖాళీ చేయించినప్పుడు మా అమ్మావాళ్ళు ఇంటినే లాక్కొచ్చారు. మేడతో సహా. తాళ్ళు కట్టి ఒడ్డుదాకా, అక్కణ్ణుంచి నీళ్ళ మీద. లోపల పొయ్యి ఆరకుండా తెచ్చారు. చక్రాలున్నదాన్ని మైలు దూరం లాగలేమా?" అంది. ఆ బల్ల దగ్గర నిలబడ్డ ఇరవై ఎనిమిది మందిలో అమ్మో అమ్మమ్మో ఇల్లు లాగని ఆడది లేదు.

"నాకోసం మీకెందుకే ఇంత శ్రమ," అని నసిగింది ట్రిఫీనా.

"నీకోసం ఎవరు లాగుతున్నారు? స్కిప్పర్ అన్నాడు కాబట్టి లాగుతున్నాం," అంది మ్యూరియల్.

మే సెలవుల ముందు శుక్రవారం మధ్యాహ్నం ఫ్యాక్టరీ తాళ్ళు అరువు తెచ్చారు, శనివారం పొద్దున్నే తిరిగి ఇచ్చే షరతు మీద. రెండు తాళ్ళు, తాడుకి పద్నాలుగు మంది. మ్యూరియల్ ముందు నిలబడి పాట ఎత్తుకుంది. పాట విరుపు దగ్గర అందరూ కలిసి ఒక్క గుంజు గుంజారు. బండి గడ్డిలోంచి బయటపడి రోడ్డెక్కింది. సన్నగా మంచు రాలుతోంది. ఎఫీ, ద్రుసిల్లా వెనకాల చెరో పక్కనా నడుస్తున్నారు. వాళ్ళ వెనక గార్లాండ్, తన పెద్ద ట్రక్కూ, దాని వెనక ముప్ఫై అడుగుల తెల్లటి కొత్త క్యాంపరూ. దారి ఇరుకు, దాటిపోవడానికి వీల్లేదు. హారన్ మోగిస్తూనే ఉన్నాడు. పక్క సీటులో అతని భార్య బ్లాంచ్ ఒళ్ళో చేతులు పెట్టుకుని ఎప్పట్లాగే కిమ్మనకుండా కూర్చుంది. మ్యూరియల్ ఆ హారన్‌నే తాళంగా పట్టుకుని పాట వేగం పెంచింది.

గుట్ట మొదట్లో బండి ఆగిపోయింది. మూడుసార్లు గుంజారు. నాలుగోసారి తాడు జారి ఇద్దరికి అరచేతులు చీరుకుపోయాయి. హారన్ ఆగింది. గార్లాండ్ అద్దం దించి, "రాత్రికి ఇక్కడే పడుకుంటారా? నేను గుంటకి ఎలా పోవాలి?" అని అరిచాడు. గుట్ట ఇవతల ఆగిపోతే రేపు పొద్దున ఆ చోటు ఖాళీగా ఉంటుంది. ఆ సంగతి ట్రిఫీనాకి తెలుసు, అతనికీ తెలుసు. ఆమె తాడు వదల్లేదు, కానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు ద్రుసిల్లా చకచకా వచ్చి క్యాంపర్ తలుపు తెరిచింది. లోపల అన్న మాటని లోపలే తీర్చాలి. ఆమె వెళ్ళి బల్ల దగ్గర తన పాత చోట్లో కూర్చుని, "ఎఫీ! ఇలా రా!" అని పిలిచింది. ఎఫీ వెళ్ళింది. ఇరవై ఎనిమిది మంది ఆడవాళ్ళు తాళ్ళు పట్టుకుని, మంచు నెత్తిన పడుతుండగా, చెవులు రిక్కించి నిలబడ్డారు.

"ఐదు నా దగ్గరే ఉంది. సాసరు కింద పెట్టాను," అంది ద్రుసిల్లా గొంతు.



"తెలుసు. సాసరు ఎత్తి చూశాను," అంది ఎఫీ గొంతు. "ఆ తర్వాత ఆటలో నేనూ ఒక రాజుని జాకెట్లో పెట్టుకున్నాను."

"దొంగముండా!"

"నువ్వే పెద్ద దొంగముండవి!"

తర్వాత లోపల ఇద్దరూ పగలబడి నవ్వడం వినిపించింది. బండి కమాన్ల మీద జానెడు పైకి లేచింది. తాళ్ళు బిగలాగి ఉన్నవాళ్ళంతా ఒకరి మీద ఒకరు వెల్లకిలా పడ్డారు. ఆ తర్వాత గుట్ట ఎక్కించడానికి పాట కూడా అక్కర్లేకపోయింది. లోపల కూర్చున్న అక్కచెల్లెళ్ళు దిగమంటే దిగలేదు, వాళ్ళతో సహా బండి పరుగెత్తింది.

సాయంత్రం ఐదింటికి గోధుమో ఎరుపో తెలియని చార బండి చెరువు పక్కన, హెడ్లీ పొయ్యిరాళ్ళ ముందు నిలబడింది. గార్లాండ్ తన తెల్లబండిని దానికి ఆరడుగుల దూరంలో ఆపాడు. ఆ బండిలో మాట్లాడకూడదని అతని ఆర్డరు. బరువెక్కితే పెట్రోలు దండగట. బ్లాంచ్ ఉప్పు కావాలన్నా వేలు పెట్టి చూపించేది.

శనివారం పొద్దున ఆకాశం బూడిదరంగుగా ఉంది. మ్యూరియల్ తాళ్ళు చుట్టుకుని ఫ్యాక్టరీకి పట్టుకుపోయింది. ట్రిఫీనా బయట బొలోనా మాంసం ముక్కలు వేయిస్తుంటే పది గంటలకి గాలి మొదలైంది. పదకొండుకి పెనంలో ముక్కలు ఎగిరి చెరువులో పడ్డాయి. గుంటలో అందరూ ఉప్పు మాంసం వచ్చే ఖాళీ బకెట్లలో రాళ్ళు నింపి బండ్లకి వేలాడదీయడం మొదలెట్టారు. ఎవరి బండి వాళ్ళు పట్టుకోవడమే గగనంగా ఉంది. ట్రిఫీనా దగ్గర ఉన్నవి రెండు బకెట్లు. నిండా కంకర పోసి కొక్కేనికి కట్టింది. గాలి వాటిని ఉయ్యాల ఊపినట్టు ఊపింది. కొక్కెం పట్టుకుని ఎత్తి చూసింది. నిన్న అక్కచెల్లెళ్ళు నవ్విన నవ్వుకి బండిలో బరువన్నది మిగల్లేదు. ఒంటిచేత్తో లేచింది.

గార్లాండ్ తన బండికి పసుపు పట్టీలు బిగించి, మేకులు దిగ్గొట్టి, చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

"పక్కకి రా అమ్మాయ్. ఎగిరిపోయేదాని దగ్గర నువ్వెందుకు? గాలి తీసుకుపోతే గాలిదే తీర్పు. రేపు అరుగు పని మొదలెడతాను."

ట్రిఫీనా జవాబు చెప్పకుండా లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. కనీసం తన ఒంటి బరువైనా ఉంటుందని. బల్ల దగ్గర కూర్చుని రెండు చేతులతో అంచు పట్టుకుంది. చెరువు వైపు చక్రం నేల వదిలి, మళ్ళీ టప్పున పడింది.

"దేవుడా, కాస్త నెమ్మదించు నాయనా. దయచేసి," అంది.

చక్రం ఈసారి ఇంకా ఎత్తు లేచింది. కప్పులు జారి సింకులో పడ్డాయి. బతిమాలుకునే మాటకి బరువెక్కడుంటుంది?

"ముదనష్టపు గాలి," అంది ట్రిఫీనా, పళ్ళ బిగువున.

చక్రం దిగింది.

ఆమె కాసేపు ఊపిరి బిగబట్టి చూసింది. తర్వాత కోటు గుండీలు విప్పుకుని, సర్దుకుని కూర్చుంది.

"గార్లాండ్!" అని మొదలుపెట్టింది. స్కిప్పర్ అనలేదు. "నా టీ కుడితా? ముప్ఫై ఏళ్ళు కుడితి అంటూ పూటకి నాలుగేసి కప్పులు తాగావే, నీ నాలుక మీద వాత పెట్టా! నీ దుప్పుల వేటకి ముప్ఫై ఏళ్ళు రొట్టెలు కాల్చి పంపాను. వేట మాంసం వచ్చాక ఒక్కనాడు బల్ల దగ్గర కుర్చీ వేశావా నాకు? నిలబడి వడ్డించాను! పడవ! హెడ్లీ తన చేతులతో పలక పలకా పెట్టి కట్టిన పడవ నీ పేరున అమ్ముకుని, ఆయన వాటా అని రంపం ఇచ్చావు. ఆ రంపానికి గొలుసేదిరా? గొలుసు లేని రంపం ఇచ్చావు!"

కింద కంకర కరకరలాడింది. బండి అంగుళం దిగింది. గాలి గోడని గుద్దితే గోడ అదిరిందే గానీ బండి కదల్లేదు. గొంతు తనదేనా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. ముప్ఫై ఆరేళ్ళుగా మింగినవి ఒకదాని వెనక ఒకటి, వరస తప్పకుండా, తారీకులతో సహా వచ్చేస్తున్నాయి. అత్తగారి పొయ్యి దగ్గర విన్నవి వచ్చాయి. పెళ్ళినాటి బూట్ల సంగతి వచ్చింది. ఆఖరికి నవంబరు దగ్గరికి వచ్చింది.

"చర్చిలో హెడ్లీ గురించి నాలుగు మాటలు చెప్పమని పాదిరీ గారు నన్ను అడిగితే నువ్వు లేచి ఏమన్నావు? 'ఆ అమ్మాయికి చెప్పడానికేమీ లేదు' అన్నావు. నా జేబులో కాగితం ఉంది గార్లాండ్! రెండు రాత్రులు కూర్చుని రాసుకున్నాను!"

కాగితం ఇంకా ఆ కోటు జేబులోనే ఉంది. మడతల దగ్గర చిరిగింది. తీసి, బల్ల మీద సాపు చేసి, పైకి చదివింది. హెడ్లీ మంచివాడని ఉంది అందులో. ఆమె చేతులు చల్లబడితే వాటిని తన చంకలో పెట్టుకునేవాడని ఉంది. అవి చదువుతుంటే బండి తేలికై ఊగింది, ఆమె గొంతూ ఊగింది. ఆ తర్వాతది ఆఖరి వాక్యం. రాసినప్పుడే కొట్టెయ్యాలా వద్దా అని ఆలోచించి, కొట్టెయ్యకుండా ఉంచినది.

"హెడ్లీ, నువ్వు బతికినన్నాళ్ళలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నాకోసం మీ అన్నకి కాదని చెప్పి ఉంటే, నేను నిన్ను ఇంకా ఎంత ప్రేమించేదాన్నో నీకు తెలీదు. ఇది నేను క్షమించలేదు."

బండి ఇరుసుదాకా కంకరలో కూరుకుపోయింది. కిటికీ అవతల ఉన్న చెరువు ఒక మెట్టు పైకి వచ్చినట్టు కనిపించింది. ట్రిఫీనా మొహం తుడుచుకుని కిటికీలోంచి చూసేసరికి, మాట సోకని తెల్లబండి మేకులు పెకిలించుకుని, పసుపు పట్టీలు రెపరెపలాడిస్తూ, బాతు దిగినట్టు చెరువులోకి దిగుతోంది. నడుంలోతు నీళ్ళలో ఒక పక్కకి ఒరిగి ఆగింది. అదృష్టం బాగుండి అందులో ఎవరూ లేరు.

తలుపు దబదబా మోగింది.

"తలుపు తియ్యి అమ్మాయ్!"

"ఎవరది?"

"నేను. స్కిప్పర్ని."

"స్కిప్పర్లెవరూ తెలీదు నాకు."

గాలి హోరు. బయట ఎవరో తూలితే ఎవరో పట్టుకున్న చప్పుడు. తర్వాత గొంతు తగ్గించి, "గార్లాండ్‌ని. ట్రిఫీనా, బ్లాంచ్ చలికి వణికిపోతోంది, తలుపు తియ్యి," అన్నాడు.

తీసింది. బ్లాంచ్‌కి తన దుప్పటి కప్పి మంచం మీద కూర్చోబెట్టింది. గార్లాండ్‌కి బల్ల అవతల చోటు చూపించింది.

"కూర్చో. రెండు వందల నలభై పౌండ్లుంటావు, పనికొస్తావు. నాది ఇంకా అయిపోలేదు. అసలు నువ్వు మొదటినుంచీ వినలేదు కాబట్టి మొదటినుంచీ చెబుతాను. మధ్యలో నోరెత్తావంటే బయటికి పంపిస్తాను."

టీ పోసి ముందు పెట్టి, మళ్ళీ రొట్టెల దగ్గరనుంచి ఎత్తుకుంది. గాలి మూడు గంటలకి తగ్గింది. అప్పటిదాకా గార్లాండ్ టోపీ చేతిలో పెట్టుకుని కూర్చునే ఉన్నాడు. రంపం గొలుసు దగ్గర ఒకసారి నోరు తెరిచి, ఆమె తలుపు వైపు చూసేసరికి మూసుకున్నాడు. కాగితం చదివినప్పుడు కిటికీలోకి చూశాడు. టీ చల్లారిపోయినా అడుగుదాకా తాగాడు. బ్లాంచ్ దుప్పట్లో కూర్చుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమె పెదాలు రెండుసార్లు కదిలాయి, మాట మాత్రం రాలేదు.

సోమవారం జనమంతా బండ్లు తగిలించుకుని ఊళ్ళోకి బయల్దేరారు. ట్రిఫీనా క్యాంపర్‌ని ఇప్పుడు గార్లాండ్ ట్రక్కు కాదు కదా, దాని తాత కూడా లాగలేదని మ్యూరియల్ కింద పడుకుని చూసి తేల్చింది. ట్రిఫీనా ఊళ్ళోకి వెళ్ళింది గానీ ఉండడానికి కాదు. రేడియో, కెటిల్, మూడు దుప్పట్లు, హెడ్లీ ఫోటో తెచ్చుకుంది. ఆ ఇంటి తాళంచెవి గార్లాండ్ గుమ్మంలో మేకుకి తగిలించి వచ్చింది.

మంగళవారం పొద్దున ఆరున్నరకి ఆమె టీ కలుపుకుని రేడియో పెట్టింది. ఎవరో ముప్ఫై అడుగుల క్యాంపర్ అమ్ముతున్నారు, కొత్తది, కాస్త తడిసింది. ఆమె పెన్సిలు తీసుకోలేదు. నవ్వుకుంటూ ఉండగా తలుపు మీద సన్నగా తట్టిన చప్పుడైంది. మెట్టు అవసరం లేకుండా పోయిన గుమ్మం ముందు బ్లాంచ్ నిలబడి ఉంది. మైలు దూరం నడిచి వచ్చింది. చేతిలో మూత పెట్టిన ఉప్పు మాంసం బకెట్టూ, అందులో రెండు జతల బట్టలూ.

"ఈ చోట గాలి వేసవంతా ఉంటుంది కదా," అంది బ్లాంచ్. ఆమె గొంతు ఎలా ఉంటుందో ట్రిఫీనా మరిచే పోయింది. "నీకు ఇంకా బరువు కావాలా? నా దగ్గర నలభై రెండేళ్ళది ఉంది."

ట్రిఫీనా రేడియో కట్టేసి, ఇంకో కప్పు తీసి, బల్ల అవతల చోటు ఖాళీ చేసింది.